సున్నపురాయి ముక్కల మీద చదువు: ఈజిప్టులో పాతకాలపు బడుల వెంట

ఆదివారం, కైరో

తహ్రీర్ చౌక్‌లోని పాత మ్యూజియంలో అందరూ బంగారం వైపు, మమ్మీల వైపు నడుస్తారు. మేం లేఖకుల కోసం, అంటే రాయడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ల కోసం వెళ్లాం. నేను ఒంగోలు దగ్గర ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతాను. ఈజిప్టు పాఠం వచ్చినప్పుడల్లా పిరమిడ్లు, నైలు, మమ్మీలతోనే పీరియడ్ అయిపోతుంది. "సార్, అప్పటి పిల్లలు బడికి వెళ్లేవాళ్లా?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలని చాలాకాలంగా చదువుతున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయితో కలిసి ఇప్పుడు చూడటానికి వచ్చాను.

ముందు హెసిరే దగ్గర ఆగాం. క్రీ.పూ. 2650 ప్రాంతంలో, జోసర్ రాజు కొలువులో ఉన్న పెద్ద అధికారి. సక్కారాలోని ఆయన సమాధిలో దొరికిన చెక్క పలకల మీద ఆయన బొమ్మ చెక్కి ఉంది. ఒంటి మీద నగలేమీ కొట్టొచ్చినట్టు కనబడవు. కనబడేది రాత సామాను: సిరా గుంటలు రెండున్న పలక, కలాల గొట్టం, చిన్న సంచి. అంత పెద్ద హోదా ఉన్న మనిషి తన గొప్పగా చూపించుకున్నది ఇదే. ఇంకో గదిలో, ఒడిలో పపైరస్ (రెల్లు లాంటి నీటిమొక్కతో చేసిన కాగితం) చుట్ట పరుచుకుని మఠం వేసుకుని కూర్చున్న లేఖకుడి విగ్రహం ఉంది. ఐదో రాజవంశం కాలం నాటిది. ఎవరైనా ఏదైనా చెబితే రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటాడు.

ఆ రెండు గుంటల్లో ఒకటి నల్ల సిరాకి, రెండోది ఎర్ర సిరాకి. నలుపు మసితో, ఎరుపు కావిరాయితో చేసేవారు. కలం అంటే తుంగ జాతి గడ్డి కాడ, కొస నమిలి కుంచెలా చేసుకునేవారు. పిల్లలు మొదట నేర్చుకునేది గుడి గోడల మీద మనం చూసే బొమ్మల లిపిని కాదు. దాన్ని గబగబా రాయడానికి వీలుగా మార్చిన హైరాటిక్ అనే గొలుసుకట్టు లిపిని. బొమ్మల లిపి అందులో కొందరికే, అదీ తర్వాత. దేశం మొత్తం మీద చదవడం వచ్చినవాళ్లు నూటికి ఒకరో, అంతకు కొంచెం ఎక్కువో అని పండితుల అంచనా.

"అంత తక్కువ మందా నాన్నా?" అంది మా అమ్మాయి. అవును తల్లీ, అందుకే ఆ విగ్రహానికి అంత నిండుతనం.

సోమవారం, సక్కారా

మెట్ల పిరమిడ్ దగ్గర జనం, ఒంటెలు, ఫొటోలు. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. మాకు కావలసింది టెటి రాజు మంత్రి మెరెరుకా సమాధి. ముప్పైకి పైగా గదులున్న ఇల్లు లాంటిది, గోడల నిండా చెక్కడాలే.

ఒక గోడ మీద పిల్లలు ఆడుకుంటున్నారు. మగపిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని గిరగిరా తిరుగుతున్నారు. ఆడపిల్లలు చేతిలో అద్దాలు పట్టుకుని నాట్యం చేస్తున్నారు. చిన్నపిల్లలకి తలంతా గొరిగించి ఒక పక్కన మాత్రం జడ వదిలేవారు. ఆ జడ కనిపిస్తే చిన్నవాళ్లన్నట్టు.

ఇంకో గోడ దగ్గర మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. పన్ను లెక్క సరిగ్గా అప్పజెప్పని ఊరి పెద్దల్ని వంచి లాక్కొస్తున్నారు. ఒకణ్ని స్తంభానికి కట్టి కొడుతున్నారు. ఎదురుగా లేఖకులు కూర్చుని రాసుకుంటున్నారు. ఆ ఒక్క దృశ్యంలో అర్థమైపోతుంది, తండ్రులు కొడుకుల్ని ఎందుకంత పట్టుబట్టి రాతకు పంపారో. దెబ్బలు తినేవాళ్లలో ఉండాలా, రాసేవాళ్లలో ఉండాలా అన్నదే వాళ్ల ఎదురుగా ఉన్న ప్రశ్న.

ఇదే సక్కారాలో ఇసెసి రాజు మంత్రి ప్తాహ్‌హోతెప్‌ని పాతిపెట్టారు. ఆయన కొడుక్కి చెప్పినట్టుగా ఉన్న నీతి బోధ ఈజిప్టు బడుల్లో వందల ఏళ్లు నడిచింది. మంచి మాట పచ్చరాయి కన్నా దొరకడం కష్టమనీ, అయినా తిరగలి దగ్గర పనిచేసే దాసీల నోట అది వినబడుతుందనీ అందులో ఉంటుంది. చదువు తక్కువ మందికే అందిన దేశంలో, చదువు లేని ఆడవాళ్ల మాటకి విలువ ఇవ్వమని పిల్లలకి నేర్పడం నాకు చాలా నచ్చింది.

రాత్రి లక్సర్ రైలు ఎక్కాం.

మంగళవారం, రైల్లోనూ లక్సర్‌లోనూ

రైలు సొహాగ్ దాటుతుండగా కిటికీ పక్కన కూర్చుని అత్రిబిస్ గురించి మా అమ్మాయికి చెప్పాను. ఆ ఊరు సొహాగ్‌కి దగ్గరే. అక్కడ జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు, ఈజిప్టు వాళ్లు కలిసి తవ్వుతున్నారు. 18,000కి పైగా రాతలున్న కుండ పెంకులు దొరికినట్టు 2022లో ప్రకటించారు. దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. వాటిలో బడివి చాలా ఉన్నాయి: నెలల పేర్లు, అంకెలు, లెక్కలు, వ్యాకరణం అభ్యాసాలు. కొన్ని వందల పెంకుల మీద మాత్రం ముందూ వెనకా ఒకటో రెండో అక్షరాలే మళ్లీ మళ్లీ రాసి ఉన్నాయి. తప్పు చేసిన పిల్లలకి వేసిన శిక్ష అని తవ్వినవాళ్లు అంటున్నారు.

"ఇంపోజిషనా!" అంది. అంతే, ఆ మాట తప్ప ఇంకో మాట అక్కర్లేదు.

పొద్దెక్కాక లక్సర్ చేరాం. సాయంత్రం నైలు ఒడ్డున నడక, ఫూల్ అనే చిక్కుడు గింజల కూర, రొట్టె, నిద్ర.

బుధవారం, కర్నాక్

కర్నాక్ గుడి గురించి రాయాలంటే దానికే ఒక పుస్తకం పడుతుంది. నా మనసంతా బాకెన్‌ఖోన్సు మీద ఉంది. రెండో రామ్‌సెస్ కాలంలో అమున్ దేవుడి ప్రధాన పూజారి. తన జీవితం మొత్తాన్ని విగ్రహాల మీద చెక్కించుకున్నాడు. వాటిలో ఒకటి మ్యూనిక్‌లో, ఒకటి కైరోలో ఉన్నాయి. నాలుగేళ్లు బాల్యం, తర్వాత మొదటి సేతి రాజు గుర్రపుశాలలో పని, ఆ పైన గుడిలో శుద్ధి పూజారిగా నాలుగేళ్లు, అలా మెట్టు మెట్టుకి ఏళ్లు లెక్కపెట్టి, చివరికి ప్రధాన పూజారిగా 27 ఏళ్లు. ఒక మనిషి చదువు, ఉద్యోగం ఇంత వరసగా చెప్పుకున్న రికార్డు ఆ కాలంలో అరుదు. తాను ఆకాశ దేవి గుడిలో ఉన్న రాత గదిలో చదువుకుని బయటికి వచ్చానని కూడా చెప్పాడు. ఆ గుడి కర్నాక్‌కి దక్షిణాన ఉన్న ముత్ దేవి గుడి.

తూర్పు చివర ఆయన కట్టించిన గుడి చూశాం. మొర వినే అమున్ కోసం కట్టినది. లోపలి గుళ్లలోకి అడుగుపెట్టే హక్కు లేని మామూలు జనం మొక్కుకునే చోటు. అక్కడ నీడలో కాసేపు కూర్చున్నాం.

గురువారం, డెయిర్ ఎల్ మెదీనా

ఈ ప్రయాణమంతా ఈ ఊరి కోసమే.

ఫెర్రీలో నైలు దాటి, మెమ్నాన్ విగ్రహాలు దాటి, కొండల మధ్య లోయలోకి వెళితే రాతి పునాదుల పల్లె కనిపిస్తుంది. చుట్టూ గోడ, మధ్యలో ఇరుకు సందు, రెండు వైపులా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. గోడ లోపల సుమారు 70 ఇళ్లు. చెట్టు లేదు, నీళ్లు లేవు. తాగే నీళ్లు కూడా కింద నుంచి గాడిదల మీద మోసుకొచ్చేవారు. రాజుల లోయలో సమాధులు తొలిచి, గోడలకి రంగులు వేసిన పనివాళ్లు నాలుగు వందల ఏళ్లకు పైగా కుటుంబాలతో ఇక్కడ బతికారు. ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు బెర్నార్ బ్రుయేర్ 1922 నుంచి 1951 దాకా దీన్ని తవ్వాడు.

ఊరికి పైన, చిన్న గుడి దాటాక, పెద్ద గొయ్యి ఉంది. లోతు 50 మీటర్ల పైచిలుకు. నీటి కోసం తవ్వితే నీరు పడలేదు, ఊరి చెత్తతో పూడిపోయింది. ఆ చెత్తలో బ్రుయేర్‌కి దాదాపు 5,000 రాతలున్న ముక్కలు దొరికాయి. కొన్ని కుండ పెంకులు, ఎక్కువ సున్నపురాయి ముక్కలు. వీటిని ఆస్ట్రకా అంటారు. పపైరస్ ఖరీదు. రాయి తొలిచే ఊళ్లో రాతి ముక్కలకి కొదవ లేదు. ఉత్తరాలు, అప్పులు, చాకలి పద్దులు, గాడిద అద్దె తగాదాలు, వాటి మధ్యలో పిల్లల పాఠాలు.

గొయ్యి అంచున కంచె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంత పాతకాలపు మామూలు పిల్లల రాత ఇంత రాశిగా దొరికిన చోట్లు అరుదేమో అనిపించింది.

"బడి ఏది నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి. ఇక్కడ బడి కట్టడం అంటూ ఏదీ దొరకలేదు. తండ్రి, తాత, పక్కింటి లేఖకుడు, బొమ్మలు గీసే మేస్త్రీ, వీళ్లే పంతుళ్లు. ఇంటి దగ్గరో, పనిచోటో పాఠం. రాజుల లోయ దగ్గర కూడా ఇలాంటి ముక్కలు దొరికాయి. పని మధ్యలో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారన్నమాట. పాఠం అయ్యాక కొందరు తేదీ వేసేవారు. ఇవాళ ఇక్కడిదాకా అన్న గుర్తు. తేదీల మధ్య ఖాళీలు చూస్తే రోజూ పాఠం జరగలేదని తెలుస్తుంది. పంక్తుల పైన ఎర్ర చుక్కలు ఉంటాయి, ఎక్కడ ఆపి చదవాలో చెప్పడానికి. కొన్నిచోట్ల పంతులు తప్పు అక్షరం మీద ఎర్రగా సరైనది రాసి చూపించాడు. నేనూ రోజూ ఎర్ర పెన్నే వాడతాను. ఆ దిద్దుబాట్లని ఫొటోల్లో మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

వాళ్ల మొదటి వాచకం పేరు కెమిత్. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలి, పెద్దవాళ్లకి శుభాకాంక్షలు ఎలా చెప్పాలి, మధ్యలో చిన్న కథ ముక్క. అది క్రీ.పూ. 2000 ప్రాంతం నాటిది. ఈ ఊరి పిల్లలు దాన్ని ఏడు వందల ఏళ్ల తర్వాత దిద్దారు. అప్పటికి మాట్లాడే భాష మారిపోయింది, అడ్డ వరసల్లో రాయడం అలవాటైపోయింది. అయినా కెమిత్‌ని మాత్రం పాతకాలంలా నిలువు వరసల్లోనే, పాత అక్షరాల్లోనే రాయించారు. మన వీధి బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండానే అమరం వల్లె వేసినట్టు. అర్థం తర్వాత వస్తుంది, ముందు చెయ్యి తిరగాలి, చెవికి అలవాటు కావాలి. ఈ పద్ధతిని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు, కానీ దాని నష్టం కూడా ఆ రాళ్ల మీదే ఉంది.

ఆ నష్టం ఖేతి బోధ కాపీల్లో బాగా కనిపిస్తుంది. ఖేతి అనే తండ్రి కొడుకు పెపీని రాజధానిలో పెద్దింటి పిల్లలు చదివే బడిలో చేర్చడానికి పడవలో తీసుకెళ్తూ దారి పొడుగునా చెప్పే మాటలు ఆ బోధ. రాతని కన్నతల్లి కన్నా ఎక్కువ ప్రేమించేలా చేస్తానంటాడు. ఆ తర్వాత ఒక్కో వృత్తినీ ఎత్తుకుంటాడు. కమ్మరి వేళ్లు మొసలి చర్మంలా ఉంటాయి, ఒళ్లు చేప కంపు కొడుతుంది. మంగలి పొద్దుగూకేదాకా వీధి వీధీ తిరిగి గడ్డాలు వెతుక్కుంటాడు. నేతగాడు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గాలి లేని గదిలో కూర్చుంటాడు, వెలుగు చూడాలంటే కావలివాడికి రొట్టె ఇచ్చుకోవాలి. చాకలికి మొసలి పొరుగు. గట్టి రాళ్లు తొలిచేవాడికి సాయంత్రానికి చేతులు పడిపోతాయి, నడుము వంగిపోతుంది. లేఖకుడికే ఏ పై అధికారీ లేడు.

ఈ పాఠాన్ని ఈ ఊళ్లో రాసింది ఎవరు? రాళ్లు తొలిచేవాళ్ల కొడుకులు. సాయంత్రం నాన్న నడుము పట్టుకుని ఇంటికి రావడం చూసిన పిల్లలు, ఆ నడుము గురించే రాశారు. కాపీల్లో తప్పులు ఎంత ఎక్కువంటే, చాలా చోట్ల పాఠం అసలు రూపమేమిటో తేల్చడానికి పండితులు ఇప్పటికీ తంటాలు పడుతున్నారు. పిల్లలకి పాత భాష పూర్తిగా అర్థం కాలేదు. నడుము గురించిన వాక్యం అర్థమయ్యే ఉంటుందని నా నమ్మకం. చేతిపనిని ఇలా తక్కువ చేసి చదువు మీద ఆశ పుట్టించడం నాకు అప్పుడూ ఇప్పుడూ నచ్చని పద్ధతి. "చదవకపోతే గేదెలు కాస్తావు" అని మన దగ్గర ఇంకా అంటున్నారు. గేదెలు కాసే ఇంటి నుంచే వచ్చిన పిల్ల ముందు వరసలో కూర్చుని ఆ మాట వింటుంది.

అయితే ఇంకో సంగతి కూడా ఇక్కడే ఉంది. దేశమంతటా నూటికి ఒకరికి చదువు వస్తే, ఈ ఊళ్లో దానికి ఎన్నో రెట్ల మందికి వచ్చింది. రాజు ఆజ్ఞ వల్ల కాదు. పనికి రాత అవసరమైంది, నేర్పడానికి పక్కనే మనుషులున్నారు, రాయడానికి కాళ్ల కింద రాయి ఉంది. ఇంతకు మించిన కారణం నాకు కనబడలేదు.

ఊరి లేఖకుల్లో కెన్‌హిర్‌ఖోపెషెఫ్ అనే ఆయన ఉండేవాడు. చేతిరాత చాలా గజిబిజి, ఎంత గజిబిజి అంటే చూడగానే ఆయనదే అని గుర్తుపట్టేస్తారు. కలలకి ఫలితాలు చెప్పే పుస్తకం ఆయన దగ్గర ఉండేది. దాని వెనక, రెండో రామ్‌సెస్ చేసిన కదేశ్ యుద్ధం మీది కావ్యాన్ని ఎక్కించుకున్నాడు. ఆయన పోయాక ఆయన భార్య నౌనఖ్త్ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ పుస్తకాలు రెండో పెళ్లి వల్ల పుట్టిన కొడుకుల దగ్గరికి చేరాయి. ముసలితనంలో తనని చూసుకోని పిల్లలకి తన ఆస్తిలో భాగం లేదని ఆవిడ రాయించిన వీలునామా కూడా దొరికింది. మా అమ్మాయికి ఈ ఊళ్లో అందరికన్నా ఆవిడే నచ్చింది.

చివర సెన్నెజెమ్ సమాధిలోకి దిగాం. చిన్న గది. భార్యాభర్తలు పరలోకపు పొలంలో గోధుమ కోస్తున్న బొమ్మ నిన్న వేసినంత తాజాగా ఉంది. 1886లో ఈ సమాధి తెరిచినప్పుడు, సినుహె కథ రాసిన మీటరు పైన పొడవున్న సున్నపురాయి పలక ఇందులో దొరికింది. అది బడిలో పిల్లలు రాసే కథే. పరదేశంలో బతికి ముసలితనంలో సొంతూరికి తిరిగి వచ్చినవాడి కథ. చచ్చాక కూడా వెంట తీసుకుపోవాలనిపించే పాఠం అది!

శుక్రవారం, రామెసియం

రెండో రామ్‌సెస్ కట్టించిన గుడి. ముందు పడిపోయిన పెద్ద విగ్రహం, వెనక మట్టి ఇటుకల కమానుల కొట్లు. ఇక్కడ పని చేస్తున్న ఫ్రెంచి, ఈజిప్టు బృందం 2025లో ఒక ప్రకటన చేసింది: గుడికి అనుబంధంగా ఉన్న జీవన గృహం, అంటే బడి, బయటపడింది. గీతలు, బొమ్మలు గీసిన ముక్కలు, బడి పిల్లల ఆట సామాను దొరికాయి. మాకు గోడల అడుగులే కనిపించాయి. అయినా నిన్నటి ఊరికి, దీనికి తేడా తెలిసిపోతుంది. ఇక్కడ గది ఉంది, కొట్లో ధాన్యం ఉంది, గుడి వెనక నిలబడి ఉంది.

పిల్లల్ని కొట్టడం గురించి ఇక్కడే రాయాలి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బడి పపైరస్‌లలో ఒకటి, కుర్రవాడి చెవి వీపు మీద ఉంటుందనీ, కొడితేనే వింటాడనీ అంటుంది. ఇంకొకదానిలో ఒక శిష్యుడు, మీరు వీపు మీద కొట్టారు, పాఠం చెవిలో దిగింది అని గురువుకి కృతజ్ఞత చెప్పుకుంటాడు. మర్చిపోకూడదు, ఆ మాట కూడా గురువు ఇచ్చిన కాపీ రాతే. కొట్టించుకున్నవాడి చేతే దాన్ని రాయించారు. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది. అది వచ్చాక నా తరగతిలో చదువు తగ్గలేదు. మూడు వేల ఏళ్ల అలవాటు చట్టంతో ఒక్కరోజులో పోదు, అందుకే దాని వయసు తెలియడం మంచిదే.

నిన్నటి ఊరి లేఖకుడు అమెన్నఖ్త్ పద్ధతి వేరు. శిష్యుడు హోర్మిన్ కోసం ఆయన సొంతంగా బోధ రాశాడు. జీవన గృహంలో తిరుగు, పుస్తకాల పెట్టెలా తయారవు అంటాడు. మూడో రామ్‌సెస్ పాలన 29వ ఏట, అంటే క్రీ.పూ. 1157 ప్రాంతంలో, జీతపు ధాన్యం రాక ఆ ఊరి పనివాళ్లు పని ఆపి గుళ్ల దగ్గర బైఠాయించారు. మనకి తెలిసినంతలో అదే మొదటి సమ్మె. వాళ్లు కూర్చున్న గుళ్లలో ఈ రామెసియం ఒకటి. ఆ సమ్మె వివరాలు రాసిపెట్టింది అమెన్నఖ్తే అని పండితుల మాట. ఆకలేస్తోంది, దప్పికేస్తోంది, బట్టల్లేవు అని పనివాళ్లు అన్న మాటలు ఆ రాత వల్లే మిగిలాయి.

సాయంత్రం ఫెర్రీలో లెక్కలు. రైండ్ అనే స్కాట్లండ్ ఆయన 1858లో లక్సర్‌లో కొన్న పపైరస్‌లో 84 లెక్కలున్నాయి, అహ్‌మోసె అనే లేఖకుడు క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఎక్కించినవి. వాళ్లకి ఎక్కాలు లేవు, రెట్టింపు చేయడమే. 12ని 13తో హెచ్చవేయాలంటే 12, 24, 48, 96 అని రాసుకుని, 1, 4, 8 కలిస్తే 13 కాబట్టి 12, 48, 96 కలిపితే 156. ఇంకో లెక్క: 100 రొట్టెలు పదిమందికి పంచాలి, పడవవాడికి, మేస్త్రీకి, కావలివాడికి రెండేసి వంతులు. మా అమ్మాయి మొత్తం 13 వంతులని వెంటనే పట్టేసింది. వంద పదమూడుతో తెగదే అని బాధపడింది. వాళ్లు ఏడూ మూడింట రెండూ ముప్పైతొమ్మిదింట ఒకటీ అని తేల్చారు. రేపు జీతాలు పంచబోయే పిల్లవాడికి కావలసిన లెక్క ఇది.

ఆదివారం, మళ్లీ కైరో

శనివారం ప్రయాణంలో పోయింది. గీజా దగ్గర 2025 నవంబరు 1న లాంఛనంగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం విమానాశ్రయం అంత పెద్దది. టుటాంఖామున్ సామాను ఒకేచోట 5,000కి పైగా వస్తువులు. ఆ రాజు గద్దెనెక్కినప్పటికి దాదాపు తొమ్మిదేళ్ల వాడు. ఆయన వెంట సమాధిలో పెట్టిన వాటిలో రాత పలకలు, తాటి స్తంభం ఆకారంలో కలాల పెట్టె, పపైరస్ నున్న చేసే దంతపు పరికరం ఉన్నాయి. ఒక దంతపు రాత పలక మీద ఉన్న పేరు ఆయనది కాదు, అఖెనాతెన్ రాజు పెద్ద కూతురు మెరితాతెన్‌ది.

"అయితే ఆడపిల్లలు కూడా రాశారు" అంది మా అమ్మాయి.

రాజుగారింట్లో, అవును. పనివాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పంపిన, వాళ్లకి వచ్చిన ఉత్తరాలు ఉన్నాయి. లేఖకుడి ఉద్యోగం మాత్రం మగపిల్లలకే. ఇది వివరంగా చెప్పాక కూడా తను ఆ పలక దగ్గర నుంచి కదల్లేదు. ఏ రంగు సిరా ఎక్కువ వాడిందో చూడాలట.

బ్రుయేర్ తవ్వకాల్లో దొరికిన రాతి ముక్కలు కైరోలోని ఫ్రెంచి పురావస్తు సంస్థ అధీనంలో ఉన్నాయి. పిల్లల కాపీలు అందులో సంపుటాల వారీగా అచ్చవుతూ వస్తున్నాయి. మా బడి తెరిచాక ఆరో తరగతి వాళ్లకి కెమిత్ ఫొటోలు చూపిస్తాను. తలా ఒక కుండ పెంకు, బొగ్గు సిరా, గడ్డి కుంచె ఇచ్చి వాళ్ల పేర్లు రాయించాలని మా అమ్మాయి ఇప్పటికే లిస్టు వేసింది. పెంకులు మాత్రం మా ఊరి కుమ్మరి దగ్గర అడగాలి.